అమెరికాలో పాత రెంటల్ ఎస్‌యూవీ కొంటున్నారా? సంతకానికి ముందు ఇవి చూడండి

వేసవి ప్రయాణాలు దగ్గరపడ్డాయి, చాలామంది రెంటల్ కంపెనీలు అమ్మే బండ్లు చూస్తున్నారు.

• ముందు వారంటీ. హ్యుందాయ్, కియా ఇంజిన్‌కు ఇచ్చే 10 ఏళ్లు, లక్ష మైళ్ల వారంటీ మొదటి ఓనర్‌కే. మీకు వచ్చేది 5 ఏళ్లు, 60,000 మైళ్లు. అదీ బండి మొదట రోడ్డెక్కిన రోజు నుంచే లెక్క. ఆ తేదీ కాగితం మీద అడగండి. ఇంజిన్ పోతే వేల డాలర్లు.

• కార్‌ఫ్యాక్స్ (బండి పాత చరిత్ర చూపే రిపోర్టు) క్లీన్‌గా ఉందని ఆగొద్దు. రెంటల్ కంపెనీ సొంత డబ్బుతో చేయించిన రిపేరు అందులో కనబడకపోవచ్చు. మీకు తెలిసిన మెకానిక్‌తో లిఫ్ట్ ఎక్కించి చూపించండి.

• టయోటా రావ్4 2018, 2019 మోడళ్లు ఒకటి కాదు. గ్యాస్ (పెట్రోల్) మోడల్‌లో 6 గేర్లు 8 అయ్యాయి, 176 హార్స్‌పవర్ 203 అయింది. ధరలో పెద్ద తేడా లేకపోతే 2019 తీసుకోమనే నా సలహా.

• హోండా సీఆర్‌వీ 1.5 టర్బో 2017, 2018 అయితే డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ కొలిచే కడ్డీ) తీసి గ్యాస్ వాసన వస్తోందేమో చూడండి. చలి ప్రాంతాల్లో ఆయిల్‌లో గ్యాస్ కలిసే సమస్య వీటికి వచ్చింది. మిన్నెసోటా, మిషిగన్ వాళ్లు మరీ జాగ్రత్త.

• విన్ (బండి గుర్తింపు) నంబరులో 10వ అక్షరం ‘జె’ అయితే 2018, ‘కె’ అయితే 2019. ప్రకటనలో ఇయర్‌తో సరిపోల్చండి.

• అదే నంబరుతో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ) సైట్‌లో రీకాల్స్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలిచినవి, చూడండి. ఆ రిపేరు డీలర్ ఉచితంగా చేయాలి.