గణితానుగమనం లెక్క మొదలుపెట్టే ముందు

పరీక్షలో గణితానుగమనం (ఒక సూత్రం మొదటి విలువకు నిజమని చూపి, ఆపై ఎన్=కెకి నిజమైతే ఎన్=కె+1కీ నిజమని చూపే నిరూపణ పద్ధతి) ప్రశ్న వదలొద్దు, కానీ పెన్ను పెట్టే ముందు ఇవి చూసుకోండి.

▪ కె+1 ఫలితాన్ని ముందే రాసేసి, రెండు వైపులా సూక్ష్మీకరించి 0 = 0 అని తేల్చొద్దు. నిరూపించాల్సిందాన్నే వాడుకున్నట్టవుతుంది. ఎడమ వైపుతో మొదలుపెట్టి కుడి వైపుకు చేరండి.

▪ "అన్ని కె విలువలకూ నిజం అనుకుందాం" అని రాయొద్దు. ఇక నిరూపించడానికి ఏముంది? "ఏదో ఒక కె విలువకు" అనండి.

▪ మొదటి మెట్టు తప్పనిసరి. 1+2+…+ఎన్ = ఎన్(ఎన్+1)/2 + 5 అనే తప్పుడు సూత్రానికి కూడా కె నుంచి కె+1కి మెట్టు చక్కగా కుదురుతుంది! ఎన్=1 పెడితేనే 1 = 6 అని బండారం బయటపడుతుంది.

▪ మొదలు ప్రతిసారీ 1 కానక్కర్లేదు. 2^ఎన్ > ఎన్² అనేది 1కి నిజమే, 2, 3, 4లకు కాదు. 5 నుంచి మొదలుపెట్టాలి.

▪ కొత్త పదాలు లెక్కపెట్టండి. 1/(ఎన్+1) + … + 1/(2ఎన్) మొత్తంలో కె బదులు కె+1 పెడితే 1/(2కె+1), 1/(2కె+2) చేరతాయి, 1/(కె+1) పోతుంది. ఆ పోయేదాన్నే చాలామంది మరిచిపోతారు.

▪ భాజనీయత లెక్కల్లో (ఉదాహరణకు 4^ఎన్ − 1ని 3 నిశ్శేషంగా భాగిస్తుందని చూపేటప్పుడు) 4^కె = 3ఎం + 1 అని రాస్తే, ఎం పూర్ణాంకమని కూడా రాయండి.