పంచాయతీ ఎన్నికలకు ముందు విశ్వాస కుటుంబాలు తీసుకోవలసిన జాగ్రత్తలు

శాసనసభ ఎన్నికలకంటే పంచాయతీ ఎన్నికలే సంఘాలను, కుటుంబాలను ఎక్కువగా చీలుస్తాయని, ఒక పల్లెటూరి క్రైస్తవ సంఘంలో పెద్దగా ఉన్న నేను కళ్ళారా చూశాను. ఎమ్మెల్యే అభ్యర్థి ఎక్కడో ఉంటాడు. సర్పంచిగానో వార్డు సభ్యుడిగానో నిలబడేవాడు మన పిన్ని కొడుకో, బావమరిదో, ఆదివారం మన పక్కన కూర్చుని పాటల పుస్తకం పంచుకునేవాడో అవుతాడు. ఈ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు గానీ, ఎవరి వెనుక ఏ పార్టీ ఉందో ఊరందరికీ తెలుసు. వార్డులో ఉండేవి కొద్ది ఓట్లే కాబట్టి ప్రతి గడపనూ లెక్క వేస్తారు, ఆ లెక్క తప్పితే ఎవరివల్ల తప్పిందో కూడా ఆరా తీస్తారు.

2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు విడతలుగా జరిగిన ఎన్నికల్లో మా వార్డుకు ఇద్దరు అన్నదమ్ముల పిల్లలు పోటీ పడ్డారు. ఏళ్ళ తరబడి మందిరంలో ఒకే చాప మీద కూర్చున్న ఆ అన్నదమ్ములలో చిన్నవాడు, ఫలితం వచ్చిన తరువాతి ఆదివారం, వెనుక కిటికీ దగ్గరకు వెళ్ళి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ప్రభువు చివరి భోజనాన్ని జ్ఞాపకం చేసుకునే బల్ల ఆరాధన రోజున రొట్టె పళ్ళెం తన దాకా వచ్చేసరికి తల వంచుకుని పక్కవారికి అందించాడే తప్ప తాను తీసుకోలేదు. ఆ చాప సగం ఖాళీగా ఉండడం మేము దాదాపు ఏడాదిపాటు చూశాము. ముందే మాట్లాడి ఉండవలసిన పెద్దలలో నేనూ ఒకడిని, మాట్లాడలేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

అందువల్ల నోటిఫికేషన్ రాకముందే సంఘ పెద్దలు, పాస్టరు గారు కూర్చుని ఒక నిర్ణయం చేసుకోవాలి. అభ్యర్థి ఎవరైనా ఆరాధనకు రావచ్చు, అందరితోపాటు కింద కూర్చోవచ్చు. కానీ ఆయనకు మైకు ఇవ్వకూడదు, ముందుకు పిలిచి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించకూడదు, ఎందుకంటే ఆ ఫొటో మధ్యాహ్నానికల్లా వాట్సాప్ స్టేటస్‌లలోకి ఎక్కి, సంఘమంతా ఒక పక్షమేనన్న మాటగా ఊరంతా తిరుగుతుంది. ప్రార్థనా స్థలాలను ప్రచారానికి వాడకూడదని ఎన్నికల నియమావళి చెబుతుంది, మత సంస్థల ఆవరణను రాజకీయ కార్యకలాపాలకు ఉపయోగించడాన్ని 1988 నాటి చట్టం నిషేధించింది. మందిరానికి రేకులు వేయిస్తానని, సౌండు సిస్టం కొనిస్తానని ఆ నెలలో వచ్చే మాటను కానుకగా స్వీకరించకూడదు. అది ఓట్ల ధర. అంత భక్తే ఉంటే ఎన్నికలయ్యాక ఇవ్వవచ్చునని మర్యాదగా చెప్పి పంపవచ్చు.

మరొక సంగతి చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు షెడ్యూల్డ్ కులాల హోదా లేదు. ఎస్సీ మూలాల నుంచి వచ్చిన క్రైస్తవులు మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల్లోని సీ గ్రూపు (బీసీ-సీ) కిందికి వస్తారు. ఎస్సీలకు రిజర్వు అయిన స్థానానికి మనవాడి నామినేషన్ పడగానే, అతడు క్రైస్తవుడని చూపించడానికి ఎదుటి పక్షం బాప్తిస్మపు రిజిస్టరు కోసం, క్రిస్మస్ ఫొటోల కోసం సంఘంలోనే మనిషిని వెదుకుతుంది. కుల సర్టిఫికెట్ చెల్లుతుందా లేదా అన్నది అధికారులు, న్యాయస్థానాలు తేల్చవలసిన విషయం. అక్కడ అడిగితే నిజమే చెప్పాలి. పగ తీర్చుకోవడానికి మాత్రం తోటి విశ్వాసి ఇంటి విషయాలను మోసుకుపోకూడదు.

ఇంట్లో పాటించవలసిన మొదటి నియమం, ఓటు ఎవరికి వేశావని భార్యను గానీ, కొడుకును గానీ, కోడలిని గానీ అడగకపోవడం. బ్యాలెట్ కాగితం మడిచి పెట్టెలో వేసే హక్కు రహస్యంగా ఉండేది అందుకే. అన్నం దగ్గర ఆ ప్రస్తావన వద్దని ఇంటి పెద్ద ముందే చెప్పాలి. కుటుంబ గ్రూపులో, హైదరాబాదు నుంచో డల్లాస్ నుంచో వచ్చే ఫార్వర్డులకు అక్కడే జవాబివ్వక, అవసరమైతే ఫోను చేసి మాట్లాడాలి. సంక్రాంతికి అరిసెలు పంపే హిందూ స్నేహితుడు వేరే పక్షంలో ఉంటే, క్రిస్మస్‌కు అతడిని పిలవడం మానకూడదు.

ఇదంతా రాజకీయాలకు దూరంగా ఉండమని కాదు. మంచినీటి ట్యాంకు, వీధి దీపాలు, మన సమాధుల స్థలానికి వెళ్ళే దారి పంచాయతీలోనే తేలుతాయి కాబట్టి పోటీ చేయాలి, అడగాలి, గట్టిగా వాదించాలి. రోము ఆధిపత్యం కింద సుంకం వసూలు చేసిన మత్తయిని, రోమును ఎదిరించే పక్షంవాడని చాలామంది చెప్పే, జెలోతే అనబడిన సీమోనును ప్రభువు ఒకే పన్నెండుమంది శిష్యులలో ఉంచాడు. ఆ ఇద్దరికీ ఒక చోట భోజనం పెట్టడం ఎంత కష్టమో ఊళ్ళో ఎన్నికలు చూసినవారికి అర్థమవుతుంది. ఉపవాస ప్రార్థనలో అభ్యర్థులందరి పేర్లూ చెప్పి ప్రార్థించడం మేము ఈసారి మొదలుపెడుతున్నాము.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండవలసింది లెక్కింపు సాయంత్రం. పోలింగు జరిగిన రోజే ఊళ్ళోనే లెక్కింపు పూర్తవుతుంది, చీకటి పడేసరికి రంగులు, బాణాసంచా, డప్పులు బయలుదేరతాయి. గెలిచినవారి ఊరేగింపు ఓడినవారి వీధిలోకి వెళ్ళకుండా దారిని ముందే మాట్లాడుకోవాలి, యువకులకు తోడుగా ఇద్దరు పెద్దలు నడవాలి. మర్నాడు పొద్దున్నే, దండలూ అనుచరులూ లేకుండా, గెలిచిన మనిషి ఒంటరిగా ఓడిన అన్న ఇంటికి వెళ్ళి అరుగు మీద కూర్చోవాలి. వదిన టీ ఇచ్చేదాకా లేవకూడదు.