కరెంటు రాగానే ట్రాన్స్‌ఫార్మర్ ఫీజు పోతుంటే

సమస్య: అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు చీనీ (బత్తాయి) తోటల్లో 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద 12 బోర్లు ఉన్నాయనుకోండి, అన్నీ 5 హెచ్‌పీవే. త్రీఫేజ్ రాగానే మోటార్లన్నీ మూలుగుతాయి గానీ ఒక్కటీ ఎత్తుకోదు. లేదంటే ఫీజు పోతుంది. అవే మోటార్లు ఒక్కొక్కటిగా వేస్తే నిక్షేపంగా తిరుగుతాయి.

కారణం: మోటారు విప్పి రీవైండింగ్‌కు పంపకండి. షాపువాడు మోటారును చూస్తాడు, లైన్‌ను చూడడు. తిరిగేటప్పుడు ఒక్కోటి సుమారు 8 ఆంప్స్, పన్నెండూ కలిపి 96. ట్రాన్స్‌ఫార్మర్ 133 దాకా ఇస్తుంది కాబట్టి లోడు సరిపోయినట్టే. కానీ ఎత్తుకునే రెండు మూడు సెకన్లు డీవోఎల్ స్టార్టర్ (పూర్తి కరెంటును నేరుగా మోటారుకు ఇచ్చేది) మీద మోటారు ఆరింతలు లాగుతుంది. కరెంటు రాగానే మోటారును వాటంతటవే వేసే ఆటో స్టార్టర్లన్నీ ఒకేసారి పడితే మొత్తం 570 ఆంప్స్ దాటుతుంది, దాంతో వోల్టేజీ పడిపోతుంది. వోల్టేజీ 20 శాతం పడితే ఎత్తుకునే బలం 36 శాతం పోతుంది. ఎత్తుకోలేని మోటారు ఆ భారీ కరెంటును లాగుతూనే ఉంటుంది.

పరిష్కారం: ప్రతి ఆటో స్టార్టర్‌లో ఆన్ డిలే (కరెంటు వచ్చాక మోటారు వేసే ముందు ఆగే సమయం) వేరుగా పెట్టాలి. మొదటిదానికి 10 సెకన్లు, తర్వాతివాటికి 30, 50, 70... ఇలా 20 పెంచుకుంటూ పోతే నాలుగు నిమిషాల్లోపే పన్నెండూ నడుస్తాయి. లైన్ చివరి బోరుకు మొదటి వంతు ఇవ్వండి. వోల్టేజీ ఎక్కువగా పడేది అక్కడే, లైన్ ఖాళీగా ఉన్నప్పుడే అది ఎత్తుకోవాలి. ఎవరి టైమర్ వాళ్లది, మధ్యలో కరెంటు పోయి వచ్చినా వరుస చెడదు. పన్నెండు మందీ ఒప్పుకోవడమే కష్టం. ఒక్కరు డిలే తీసేస్తే తప్పేది ఆ ఒక్కరి వంతే, ఇద్దరు ముగ్గురు తీసేస్తే మళ్లీ మొదటికే.

మోటార్లు గుంపుగా ఆగి గుంపుగా మొదలవుతుంటే, లో వోల్టేజీ ట్రిప్ (వోల్టేజీ తగ్గి స్టార్టర్ మోటారును ఆపేయడం) తర్వాతి రీస్టార్ట్ టైము అందరిదీ ఒకటే అన్నమాట. అదీ వేరువేరుగా మార్చండి.

అయినా తగ్గకపోతే మోటార్లన్నీ ఆపి వోల్టేజీ చూడండి. ఫేజుల మధ్య 380 కన్నా తక్కువుంటే లోపం పై లైన్‌లో ఉంది. న్యూట్రల్‌తో ఒక ఫేజు 240 చూపి, మిగతా రెండూ అందులో సగమే చూపితే 11 కేవీ వైపు హెచ్‌జీ (హార్న్ గ్యాప్) ఫీజు ఒకటి పోయినట్టు. ఆ పని లైన్‌మన్‌దే, కర్ర పట్టుకుని మీరు పోవద్దు. మీ ఒక్క బోరు దగ్గరే తక్కువుంటే సర్వీసు వైరు జాయింట్లు చూడండి.

5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ కెపాసిటర్ బిగిస్తే లైన్ మీద భారం తగ్గుతుంది. ఫీజు స్థానంలో లావు తీగ మాత్రం చుట్టకండి, అప్పుడు కాలేది ట్రాన్స్‌ఫార్మర్ వైండింగే.