జేస్టోర్‌లో ఏఐ సాయంతో చదవడం – 3వ పాఠం: జవాబు వచ్చాక పేజీ తెరవండి

పోయిన పాఠంలో వెతకడం గురించి చెప్పుకున్నాం కదా, ఈసారి వ్యాసం తెరిచాక ఏం చేయాలో చూద్దాం. అసలు పని ఇక్కడే ఉంది.

పరిశోధన పత్రికల వ్యాసాలు దొరికే ఆన్‌లైన్ లైబ్రరీ జేస్టోర్. 1995లో మొదలైన ఇది, 2023లో వ్యాసాలు చదవడానికి సాయపడే ఈ ఏఐ టూల్‌ని బీటాగా, అంటే పరీక్ష దశలో, ముందు కొద్దిమందికే ఇచ్చింది. వ్యాసం దేని గురించో చెబుతుంది, దగ్గరి అంశాలు చూపిస్తుంది, అడిగినదానికి జవాబిస్తుంది. మామూలు చాట్‌బాట్‌లా ఎక్కడెక్కడివో కలిపి చెప్పకుండా మీరు తెరిచిన వ్యాసాన్నే ఆధారం చేసుకునేలా దీన్ని తయారుచేశారు. అంతమాత్రాన తప్పే చెప్పదని అనుకోకండి.

కాకతీయుల కాలం చెరువుల మీద ఒక వ్యాసం తెరిచారనుకోండి. "సారాంశం చెప్పు" అంటే "కాకతీయ రాజులు చెరువులు తవ్వించారు" అని రావచ్చు. అబద్ధం కాదు, కానీ పరిశోధనకి అది చాలదు. రామప్ప చెరువు తవ్వించింది సేనాని రేచర్ల రుద్రుడు, బయ్యారం చెరువు గణపతిదేవుడి సోదరి మైలాంబది. రాజు కాని వాళ్లు చెరువులకి డబ్బు ఎందుకు పెట్టారన్నదే మీ థీసిస్ అయితే, ఆ ఒక్క వాక్యం మీ ప్రశ్ననే మింగేస్తుంది!

అందుకే ప్రశ్న ఇరుకుగా అడగండి: "ఈ రచయిత ఏయే శాసనాలు ఆధారంగా తీసుకున్నారు? చెరువు తవ్వించినవాళ్లలో రాజవంశం బయటివాళ్లు ఉన్నారా?" వ్యాసం ఇంగ్లిష్‌లో ఉంటే ప్రశ్న కూడా ఇంగ్లిష్‌లోనే వేయండి, జవాబులోని మాటలు పేజీలో వెతుక్కోవడం తేలిక. దొరికిన చోట ఆ పేరా మొత్తం, వీలైతే ముందూ వెనకా పేరాలు కూడా చదవండి, ఎందుకంటే రచయిత ఖండించడానికి ఎత్తిచూపిన వాదనని టూల్ రచయిత వాదనగానే చెప్పేసే ప్రమాదం ఉంది, పరిశోధన చేసేవాళ్లకి నిజంగా టెన్షన్ పెట్టేది అదే.

ఇంకో సంగతి, జేస్టోర్‌లో చాలా పత్రికల తాజా సంచికలు కొన్నేళ్ల తర్వాతే చేరతాయి. కొత్త పరిశోధన కోసం వేరే చోట కూడా వెతకాలి.

ఈ వారం పని: మీ సబ్జెక్టులో ఇదివరకే పూర్తిగా చదివిన వ్యాసం ఒకటి తీసుకుని మూడు ప్రశ్నలు అడగండి. ప్రతి జవాబు పక్కన పేజీ నంబరు, అక్కడ రచయిత రాసిన వాక్యం, జవాబులో జారిపోయిన విషయం రాసుకోండి. ఆ కాగితం దగ్గర ఉంచుకోండి, వచ్చే పాఠంలో ఫుట్‌నోట్ల పని దానితోనే చేద్దాం.