మార్క్‌డౌన్ పాఠాలు – 4: ప్రివ్యూ ఏ ఎడిటర్‌లో చూడాలి?

మార్క్‌డౌన్ అంటే స్టార్ల వంటి గుర్తులతో మామూలు టెక్స్ట్‌కు రూపం ఇచ్చే పద్ధతి. పోయిన పాఠంలో ఒక ఆటవెలది అందులో టైపు చేసి, చివరికి ఎలా కనిపిస్తుందో ప్రివ్యూ చూడమన్నాను. చాలామందికి నాలుగు పాదాలూ కలిసిపోయి ఒకే వరుసగా వచ్చాయి. నోట్సు రాసుకునే అబ్సీడియన్ యాప్ వాడినవాళ్లకు మాత్రం నాలుగు వరుసలూ విడివిడిగా కనిపించాయి. తాము వాడిన వీఎస్ కోడ్ ఎడిటర్ పాడైందనుకుని కొందరు తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకున్నారు. అది పాడవలేదు, మీరూ తప్పు చేయలేదు.

2004లో జాన్ గ్రూబర్ మార్క్‌డౌన్‌ను విడుదల చేసినప్పటి నుంచీ నియమం ఇదే: ఒక్క ఎంటర్ కొడితే వరుస మారదు. ఖాళీ వరుస వదిలితే కొత్త పేరా. పేరా లోపలే వరుస మారాలంటే చివర రెండు స్పేస్‌లు ఇవ్వాలి. మార్క్‌డౌన్ నియమాలను పక్కాగా రాసిపెట్టిన ప్రమాణం కామన్‌మార్క్. అది వీటితోపాటు వరుస చివర బ్యాక్‌స్లాష్‌నూ (`\`) ఒప్పుకుంటుంది. వీఎస్ కోడ్ ఈ నియమాన్నే పాటిస్తుంది. అబ్సీడియన్ మాత్రం, సెట్టింగ్స్‌లో స్ట్రిక్ట్ లైన్ బ్రేక్స్ ఆన్ చేయనంతవరకూ, మీరు కొట్టిన ఎంటర్‌ను అలాగే చూపిస్తుంది. నేను బ్యాక్‌స్లాషే వాడతాను. చివరి స్పేస్‌లు కంటికి ఆనవు, సేవ్ చేసేటప్పుడు వాటిని తుడిచేసే ఎడిటర్లూ ఉన్నాయి.

కాబట్టి ఎడిటర్ ఏదని అడిగే ముందు, మీ రాత చివరికి ఎక్కడ కనిపిస్తుందో చూసుకోండి. కోడ్ పెట్టుకునే సైటు గిట్‌హబ్‌లో రీడ్‌మీకి, అంటే ప్రాజెక్టు పరిచయం ఫైలుకు, వీఎస్ కోడ్ చాలు. కంట్రోల్, కె కలిపి నొక్కి వదిలి, వి నొక్కితే ప్రివ్యూ పక్కనే తెరుచుకుంటుంది. అదే గిట్‌హబ్‌లో కామెంట్ రాస్తే ఒక్క ఎంటర్‌కే వరుస మారుతుంది. దాన్ని అక్కడి ప్రివ్యూ ట్యాబ్‌లోనే చూడాలి. సొంత నోట్సుకు అబ్సీడియన్ హాయి. వాట్సాప్ సందేశానికి ఇవేవీ పనికిరావు. మాటకు అటూ ఇటూ ఒక్కో స్టార్ పెడితే అక్కడ బోల్డ్, మార్క్‌డౌన్‌లో ఇటాలిక్. మీకు మీరే పంపుకుని చూడండి.

ఇక నన్ను బాగా బాధపెట్టిన విషయం. ఇటాలిక్ రావడం కోసం కొందరు "పుస్తకం లో", "అమ్మ కు" అని విభక్తిని విడగొట్టి పంపారు. దయచేసి అలా చేయకండి. ఎడిటర్ కోసం తెలుగును విరవక్కర్లేదు, గుర్తు మారిస్తే చాలు.

`_పుస్తకం_లో` అని రాస్తే ఇటాలిక్ రాదు, అండర్‌స్కోర్లు అలాగే కనిపిస్తాయి. ఫైలు పేర్ల మధ్యలో అండర్‌స్కోర్లు మామూలు కాబట్టి, మాట మధ్యలో వచ్చినవాటిని కామన్‌మార్క్ పట్టించుకోదు. "లో" అంటుకుని ఉంది కనుక ఇదీ మాట మధ్యే అనుకుంటుంది. `*పుస్తకం*లో` అని రాయండి, వస్తుంది. `*అమ్మ*కు`, రెండేసి స్టార్లతో బోల్డ్ చేసే `**హైదరాబాద్**నుంచి`, `**చెల్లి**తో` అన్నీ వస్తాయి. అందుకే తెలుగులో అండర్‌స్కోర్ జోలికే పోవద్దంటాను.

స్టార్లకూ ఒక మెలిక ఉంది. `**"పుస్తకం"**లో` అంటే బోల్డ్ రాదు. మూసే స్టార్లకు ముందు కొటేషన్ గుర్తు, వెనకాలే అక్షరం ఉంటే వాటిని ముగింపుగా తీసుకోదు. కొటేషన్‌ను బయటికి తెండి: `"**పుస్తకం**"లో`. ఈ ప్రివ్యూ వీఎస్ కోడ్‌లోనే చూడండి.

అభ్యాసం: మీకు వచ్చిన ఒక పద్యం, దానికి పది వాక్యాల తాత్పర్యం ఒకే ఫైల్లో రాయండి. తాత్పర్యంలో కనీసం ఆరు మాటలు విభక్తితో సహా బోల్డ్ కావాలి, వాటిలో రెండు కొటేషన్లలో ఉండాలి. ప్రివ్యూ తెరవకముందే ఏ వరుస ఎక్కడ మారుతుందో, ఏ స్టార్ మిగిలిపోతుందో కాగితం మీద రాసుకోండి. తర్వాత అదే ఫైలును వీఎస్ కోడ్‌లో, అబ్సీడియన్ రీడింగ్ వ్యూలో తెరిచి, మీ కాగితంతో తేడా వచ్చిన వరుసలు మాత్రమే నాకు పంపండి.