వినేవాడి వివేకం: మూఢభక్తిని సామెతలతో జల్లెడ పట్టడం ఎలా

"చెప్పేవాడికి చాదస్తమైతే వినేవాడికి వివేకం ఉండొద్దా?" అంటారు. ఈ సామెత తప్పంతా చెప్పేవాడి నెత్తినే వెయ్యదు, వినేవాడినీ నిలదీస్తుంది. మూఢభక్తిలో పడకుండా ఉండాలంటే మొదలుపెట్టాల్సింది ఇక్కడే. దేవుడు ఉన్నాడా లేడా అన్న చర్చ ఇందులో లేదు, మీ భక్తి మీకు ఉండవచ్చు. ఆ భక్తిని అడ్డం పెట్టుకుని మీ చేత ఎవరు ఏం చేయిస్తున్నారు, దానివల్ల ఎవరికి ఏం జరుగుతోంది అన్నదే చూస్తాం.

సామెతను తీర్పులా వాడకండి, ప్రశ్నలా వాడండి. ఎందుకంటే సామెతలు రెండు వైపులా పలుకుతాయి. తొందరపెట్టేవాడు "ఆలస్యం అమృతం విషం" అంటాడు, ఆగమనేవాడు "నిదానమే ప్రధానం" అంటాడు. మీరు సందేహం బయటపెడితే "అనుమానం పెనుభూతం" అని నోరు మూయించవచ్చు, "నమ్మి చెడినవాడు లేడు" అని బుజ్జగించనూవచ్చు. కాబట్టి ఎవరైనా మీ మీద ఒక సామెత ప్రయోగిస్తే, దానికి ఎదురు సామెత గుర్తు చేసుకోండి. రెండింటిలో ఇక్కడ ఏది పొసగుతుందో వివరాలతో తేల్చండి. జవాబుగా ఒక తేదీయో, అంకెయో, మనిషి పేరో దొరకాలి. దొరకలేదంటే మీరింకా ఏమీ పరీక్షించనట్టే.

ముందు ఒక నోటు పుస్తకం

మీకు చెప్పిన ప్రతి మహిమకూ, జోస్యానికీ, పరిహారానికీ ఒక పేజీ కేటాయించండి. పేజీలో నాలుగు గళ్లు: ఏం చెప్పారు (వాళ్ల మాటల్లోనే), ఎప్పటికి జరుగుతుందన్నారు, ప్రతిఫలంగా ఏం అడిగారు, చివరికి ఏం జరిగింది. మొదటి మూడు గళ్లూ విన్న రోజే నింపాలి. తర్వాత రాద్దామనుకుంటే జరిగినదానికి తగ్గట్టు జ్ఞాపకమే మారిపోతుంది. "మీ ఇంట్లో ఒక మార్పు రాబోతోంది" అన్నవాడు, ఆరు నెలల తర్వాత మీ జ్ఞాపకంలో "మీ అబ్బాయికి ఉద్యోగం వస్తుందని ముందే చెప్పినవాడు" అవుతాడు.

"తెల్లనివన్నీ పాలు కావు" అన్న సామెత పనికొచ్చేది మొదటి గడి దగ్గర. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఎవరి వ్యక్తిత్వ వర్ణన వారికి ఇస్తున్నానంటూ కాగితాలు పంచాడు. అందరికీ ఇచ్చింది ఒకే వర్ణన. అది తమకెంత సరిపోయిందో చెప్పమంటే వాళ్లు 5కి సగటున 4.26 మార్కులు వేశారు. మీకు చెప్పిన మాటను కూడా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా ముగ్గురికి చదివి వినిపించండి. ముగ్గురూ "అచ్చం నా గురించే" అంటే ఆ వాక్యాన్ని కొట్టెయ్యండి.

మహిమ కనిపించినప్పుడు కాకతాళీయ న్యాయం తలుచుకోవాలి. కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకి వాలినా పండు రాలని రోజులెన్ని? కాకి రాకుండానే రాలిన పండ్లెన్ని? ఈ రెండు లెక్కలూ లేకుండా కాకికి దండ వెయ్యకూడదు. ప్రార్థన తర్వాత జ్వరం తగ్గిందంటే సంతోషించాల్సిందే. కానీ చాలా జ్వరాలు కొద్ది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. సభల్లో సాక్ష్యం చెప్పడానికి మైకు అందేది తగ్గినవాళ్లకే. తగ్గనివాళ్లు వెనక వరుసలోంచి లేచి ఇంటికి వెళ్లిపోతారు, వాళ్లను ఎవరూ లెక్కపెట్టరు.

ఫలించకపోతే ఎవరిది తప్పు?

నాకు తెలిసి అన్నింటికన్నా పదునైన పరీక్ష "ఆడలేక మద్దెల ఓడు" అన్నదే. చెప్పింది జరగనప్పుడు వచ్చే జవాబును గమనించండి. "నీ విశ్వాసం చాలలేదు", "మధ్యలో నియమం తప్పావు", "ఇంట్లో ఎవరికో నమ్మకం లేదు". జరిగితే ఘనత వాళ్లది, జరగకపోతే పాపం మీది. అందుకే పని మొదలు కాకముందే అడగాలి: "ఏం జరిగితే ఇది పనిచెయ్యలేదని మీరు ఒప్పుకుంటారు?" జవాబును రెండో గడి పక్కన రాసుకోండి. అలాంటి ఫలితమే లేదన్నారంటే మీరు ఓడిపోవడానికే ఆటలో దిగుతున్నారు.

అమెరికాలో విలియం మిల్లర్ అనే మత బోధకుడి అనుయాయులు 1844 అక్టోబర్ 22న క్రీస్తు తిరిగి వస్తాడని ఎదురుచూశారు. కొందరు పంట కూడా కొయ్యలేదు. ఆ రోజు గడిచిపోయింది. చాలామంది ఆ ఉద్యమాన్ని వదిలేశారు, కొందరు మాత్రం తేదీ సరైనదేననీ, జరగాల్సింది స్వర్గంలో జరిగిందనీ అన్నారు. స్వర్గంలో జరిగినదాన్ని ఎవరూ సరిచూడలేరు. పొలంలో మిగిలిన పంటను మాత్రం ఎవరైనా చూడగలరు.

డబ్బు, ఆస్తి, కాగితాలు

ఇవ్వడం తప్పు కాదు. భయంతో ఇవ్వడం, దాచి ఇవ్వడం, అప్పు చేసి ఇవ్వడం తప్పు. నెలకు ఎంత ఇవ్వగలరో ఇంట్లోవాళ్లతో కూర్చుని ముందే రాసుకోండి. వైద్యం డబ్బు, పిల్లల చదువు డబ్బు, ఇంటి కాగితాలు ఆ లెక్కలోకి రానే కూడదు. పరిమితి దాటిన ఏ కోరికకైనా 30 రోజుల గడువు పెట్టి, ఇద్దరితో మాట్లాడండి. వాళ్లలో ఒకరైనా ఆ బృందానికి చెందనివారై ఉండాలి. "ఈ వారం దాటితే ఫలించదు" అంటే "నిజం నిలకడ మీద తెలుస్తుంది" అని మనసులో అనుకుని, గడువు కదపకండి. నిజమైనదైతే నెల తర్వాత కూడా నిజంగానే ఉంటుంది.

"ఏకు మేకై కూర్చుంది" అన్నది పట్టుకోవాలంటే విడివిడి కోరికలు చూస్తే చాలదు, మూడో గడిని నెలనెలా కలిపి చూడాలి. అమెరికాలో జిమ్ జోన్స్ అనే మత బోధకుడు పెట్టిన పీపుల్స్ టెంపుల్ మొదట్లో నల్లవారినీ తెల్లవారినీ ఒకచోట కూర్చోబెట్టి, పేదలకు అన్నం పెట్టిన సంస్థ. తర్వాత సభ్యుల ఆస్తులు సంస్థ పేరు మీదికి వెళ్లాయి, దక్షిణ అమెరికాలోని గయానా దేశపు అడవిలో వాళ్లు కట్టుకున్న జోన్స్‌టౌన్‌కు చేరాక పాస్‌పోర్టులు కూడా చేతుల్లోంచి పోయాయి. విషం తాగే తాలీములూ జరిగాయి. 1978 నవంబర్ 18న అక్కడ 900 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో దాదాపు మూడో వంతు పిల్లలు. మొదటి రోజే ప్రాణం అడిగి ఉంటే ఒక్కరూ వెళ్లేవారు కాదు.

పుస్తకం పక్కన పెట్టి వెంటనే కదలాల్సిన చోట్లు ఉన్నాయి. మందులు ఆపమన్నారు, చదువు మాన్పించమన్నారు, ఇంటివాళ్లతో మాట్లాడొద్దన్నారు, ఒంటరిగా రమ్మని రహస్యంగా ఉంచమన్నారు, చావు గురించి మాట్లాడుతున్నారు: వీటిలో ఏ ఒక్కటి విన్నా 30 రోజులు ఆగకూడదు. గాలిలో దీపం పెట్టి "దేవుడా నీ మహిమ" అనకూడదు. టైప్ 1 మధుమేహం ఉన్నవారు ఇన్సులిన్ ఆపేస్తే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా మానేస్తే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. ప్రార్థన చెయ్యండి, మందూ వెయ్యండి. దీపం చుట్టూ చెయ్యి అడ్డం పెట్టడం దేవుణ్ని నమ్మకపోవడం కాదు.

ఒక్క ప్రశ్న అడిగి చూడండి

నలుగురిలో కాకుండా విడిగా, మర్యాదగా, చిన్న ప్రశ్న ఒకటి అడగండి: "అయ్యా, ఈ విరాళాల లెక్క ఎక్కడ చూడొచ్చు?" లెక్క చూపిస్తే మంచిది. "నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను" అన్నా మంచిదే, తెలియదనగల గురువు మీద గౌరవం పెరగాలి. అలాకాక "నీలో అహంకారం పెరిగింది" అన్నారనుకోండి. మీరడిగింది లెక్క, వచ్చిన జవాబు మీ స్వభావం మీద. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే. ఆ మాటను తేదీ వేసి ఉన్నదున్నట్టు రాసుకోండి.

ఈ పరీక్షలన్నీ ముందు మీకు బాగా నచ్చిన గురువుకూ, మీ సొంత మతానికీ పెట్టండి. పక్కవాడి మతానికే పెడితే గురువింద గింజ తన నలుపెరగనట్టు ఉంటుంది, మీ మాట ఎవరూ వినరు కూడా.

ఇంట్లోవాళ్లు ఇరుక్కుంటే

ఇక్కడ సామెత మీ మనసులోనే ఉండాలి. "మంత్రాలకు చింతకాయలు రాలవమ్మా" అని అమ్మ ముఖం మీద అంటే ఆవిడ ఆ రోజు నుంచి మీకేమీ చెప్పదు. "అమ్మా, ఆయన ఎప్పటిలోగా జరుగుతుందన్నారు? ఇద్దరం రాసి పెట్టుకుందామా?" అంటే పుస్తకం ఆవిడ చేతిలోకి వెళుతుంది. చాలామంది ఇలాంటివాటిలోకి వెళ్లేది చావో, రోగమో, అప్పో వచ్చిన రోజుల్లోనే. ఆ రోజుల్లో "తిన్నావా" అని అడిగింది ఆ బృందం ఒక్కటే అయ్యుంటుంది. ఆ లోటు మీరు పూడ్చకుండా బృందాన్ని మాత్రం వదలమంటే వదలరు. వారానికి ఒక రోజు, ఒకే వేళకు ఫోన్ చెయ్యండి, ఆ పూట గురువు ఊసెత్తకండి. ఇంటి పత్రాలు, గుర్తింపు కార్డుల నకళ్లు మీ దగ్గర ఒక జత ఉంచుకోండి.

తిరిగి వచ్చిన రోజున "మేం ముందే చెప్పాం" అనకండి, ఎంత పోయిందని అడగకండి. పూజ చేసుకుంటానంటే చేసుకోనివ్వండి. ఆస్తి బదిలీ, అప్పు పత్రం లాంటివి ఉంటే మాత్రం మొదటి వారంలోనే వకీలుకు చూపించండి, గడువు దాటితే కష్టం. మిగతా లెక్కలు వాళ్లంతట వాళ్లు ఎత్తినప్పుడు చూసుకోవచ్చు.