ఇస్లామిక్ మట్టిపాత్రలను చూడటం నేర్చుకుందాం – 4వ పాఠం: లస్టర్

పోయిన పాఠంలో తగరం కలిపిన తెల్ల గ్లేజు (పాత్ర మీద గాజులా పట్టే పూత) గురించి చెప్పుకున్నాం. 9వ శతాబ్దంలో ఇరాక్ కుమ్మరులు చైనా పింగాణీ తెలుపుకి ముచ్చటపడ్డారు. ఆ మట్టి తమ దగ్గర దొరక్క, మామూలు మట్టినే ఈ గ్లేజుతో కప్పేశారు. ఈసారి ఆ తెలుపు మీద బంగారంలా మెరిసే లస్టర్ పని.

నిజానికి ఇందులో బంగారం ఉండదు. వెండి, రాగి సమ్మేళనాలను మట్టిలో కలిపి, అప్పటికే గ్లేజు వేసి కాల్చిన పాత్ర మీద బొమ్మ గీస్తారు. మళ్లీ బట్టీలో పెట్టి, ఈసారి తక్కువ వేడిలో, గాలి సరిగా ఆడనివ్వకుండా పొగలో కాలుస్తారు. పొగ ఆ సమ్మేళనాల్లోని ఆక్సిజన్‌ని లాగేస్తుంది. మిగిలిన లోహం అతి సన్నని రేణువులుగా గ్లేజులోనే ఉండిపోతుంది. చల్లారాక పైమట్టిని తుడిచేస్తే మెరుపు బయటపడుతుంది. వేడి ఎక్కువైతే ఆ మట్టి గ్లేజుకే అంటుకుపోతుంది, తక్కువైతే రంగే పట్టదు. బట్టీ తెరిచేదాకా టెన్షనే!

ఇక గుర్తుపట్టడం. మెరుపు కనబడగానే కాలం చెప్పేయకండి. ముందు గిన్నెను బోర్లించి తీసిన ఫొటో వెతకండి. పెద్ద మ్యూజియంల వెబ్‌సైట్లలో చాలా గిన్నెలకు ఉంటుంది. గ్లేజు ఆగిపోయిన చోట లోపలి పదార్థం కనబడుతుంది. లేతపసుపు మెత్తటి మట్టి అయితే ఇరాక్ అనుకోవచ్చు. తెల్లగా, చక్కెరలా పలుకుగా ఉంటే అందులో మట్టి కంటే పలుగురాయే ఎక్కువ. అప్పుడు 12వ శతాబ్దం చివర, 13వ శతాబ్దాల ఇరాన్‌ని, ముఖ్యంగా కాషాన్‌ని తలుచుకోండి. ఆ ఊరి కుమ్మరి కుటుంబంలో పుట్టిన అబుల్ ఖాసిం 1301లో పాళ్లు రాసిపెట్టాడు: పలుగురాయి పొడి 10, గాజుపొడి 1, తెల్లమట్టి 1.

సిరియాలోనూ ఈ రకం పాత్రలు చేశారు కాబట్టి అడుగొక్కటే చాలదు, బొమ్మ కూడా చూడాలి. 9వ శతాబ్దపు ఇరాక్ గిన్నెలో ఒకేచోట రెండు మూడు లస్టర్ రంగులు కనిపిస్తాయి. 10వ శతాబ్దానికి ఒకే రంగు మిగిలింది. మనిషి, జంతువు చుట్టూ తెల్లటి అంచు వదిలి, మిగతా చోటంతా చుక్కలతో నింపారు. కాషాన్‌లో తరచూ నేపథ్యమే లస్టర్, బొమ్మ తెలుపు. ఫొటో జూమ్ చేయండి, ఆ నేపథ్యంలో గీకి తీసిన చిన్న చిన్న సుడులు కనబడతాయి. నాకైతే అన్నిటికంటే నమ్మకమైన గుర్తు అదే.

టైల్స్‌తోనే చిక్కు. ట్యునీషియాలో కైరవాన్ పెద్ద మసీదు మిహ్రాబ్ (ప్రార్థన దిశను చూపే గోడగూడు) చుట్టూ ఉన్న 9వ శతాబ్దపు లస్టర్ టైల్స్ గోడకే అతికించి ఉన్నాయి. వాటి వెనక చూసేదెలా?

అభ్యాసం: మూడు లస్టర్ గిన్నెల ఫొటోలు తీసుకోండి. వివరాలు చదవకుండా అడుగు, నేపథ్యం మాత్రమే చూసి ఊరు, శతాబ్దం రాయండి. వచ్చే పాఠంలో మీనాయి, అంటే గ్లేజు మీద రంగురంగుల బొమ్మలు వేసిన ఇరాన్ పాత్రలు.